ప్యాకెట్ ఏ గడప దగ్గర ఆగింది?

గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆదివారం ఉదయం, ఇంట్లో సొంత సర్వర్ నడుపుకునే కొందరి మధ్య చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగు విని రాసిపెట్టాం. తడబాట్లు తీసేశాం తప్ప మాటలు మార్చలేదు.

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవారికి వినిపిస్తోందా? ఫ్యాను చప్పుడు ఉంది కాబట్టి కాస్త గట్టిగానే మాట్లాడతాను.

ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను, చేతులు ఎత్తండి. ఇంట్లో పాత కంప్యూటర్ ఒకటి సర్వర్‌గా పెట్టుకున్నారు. ఇంట్లో ఉన్నంతసేపు ఫోనులో పాటలు, ఫోటోలు, కాగితాలు అన్నీ చక్కగా వస్తాయి. బస్సెక్కి విజయవాడలో దిగి అదే ఫోను తెరిస్తే ఏమీ రాదు. చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఇది ఎంతమందికి ఎదురైంది? సరే, చాలామందే ఉన్నారు. ఇప్పుడు రెండో ప్రశ్న. మీ ఇంట్లో రెండు రూటర్లు ఉన్నవారు ఎంతమంది? ఫైబర్ తెచ్చినవారు గోడకు బిగించి వెళ్లిన పెట్టె ఒకటి, లోపలి గదులకు సిగ్నల్ అందడం లేదని మీరు కొనుక్కున్నది ఇంకొకటి. చూడండి, దాదాపు అవే చేతులు మళ్లీ లేచాయి.

ఈ రెండు ప్రశ్నలకూ ఉన్న సంబంధం గురించే ఇవాళ చెప్పబోతున్నాను.

మా ఇంటి సంగతి చెబుతాను. మా నాన్నగారు పద్యాలు పాడేవారు. తెనాలి వైపు నాటకాల్లో వేషాలు కట్టేవారు. ఆయన గొంతు మా ఇంట్లో అరవై క్యాసెట్లలో ఉండిపోయింది. టేపు అంటుకుపోతోందని, బూజు పడుతోందని, ఒక వేసవి అంతా కూర్చుని వాటన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. జెల్లీఫిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి, ఇంట్లో ఎవరు కావాలంటే వాళ్లు వినేలా ఏర్పాటు చేశాను. అక్కయ్య హైదరాబాదులో ఉంటుంది. ఆమె కోసమే ఇదంతా అనుకోండి. లింకు పంపాను. ఫోను చేసింది: "తమ్ముడూ, నాన్న పద్యం రావడం లేదురా."

ఆ రోజు నేను ఏమి చేశానో చెబుతాను, ఎందుకంటే మీరందరూ అదే చేస్తారు. లోపలి రూటర్ సెట్టింగులు తెరిచి పోర్టు ఫార్వర్డింగ్, అంటే బయటి నుంచి వచ్చేవాటిని సర్వర్‌కు పంపే నియమం, పెట్టాను. రాలేదు. పోర్టు నంబరు, అంటే ఒక్కో ప్రోగ్రాము వినే తలుపు నంబరు, మార్చాను. రాలేదు. సర్వర్ ఫైర్‌వాల్, అంటే రాకూడనివాటిని ఆపే కాపలా, ఆపేశాను. రాలేదు. రెండు రూటర్లూ ఆపి మళ్లీ వేశాను. రాలేదు. రాత్రి పదకొండున్నరకు లేచేసరికి ఎన్ని సెట్టింగులు మార్చానో నాకే గుర్తు లేదు. ఏది మొదట ఉన్నది, ఏది నేను చేసినది అన్నది కూడా తెలియని స్థితి. ఇందులో అసలు తప్పు ఏమిటి? ప్యాకెట్, అంటే నెట్‌వర్కు మీద ప్రయాణించే సమాచారపు ముక్క, ఎక్కడ ఆగిందో తెలుసుకోకుండా, ఆగకుండా ఉండేందుకు మందు వేస్తూ పోయాను. ఆగిన చోటు తెలిస్తే మందు ఒక్కటే ఉంటుంది. తెలియకపోతే వంద మందులు ఉంటాయి, ఒక్కటీ పని చేయదు.

కాబట్టి ఇవాళ సెట్టింగుల గురించి తక్కువ, చోటు గురించి ఎక్కువ చెబుతాను.

చోటు అంటే ముందు చిరునామా. మనం కూర్చున్నది బ్రాడీపేట. గుంటూరు వాళ్లకు చెప్పనక్కర్లేదు, బయట నుంచి వచ్చినవారి కోసం చెబుతున్నాను. ఇక్కడ 4/7 అంటే 4వ లైను, 7వ అడ్డరోడ్డు. రిక్షావాడికి అంత చెబితే చాలు, తెచ్చి దింపుతాడు. మరి అరండల్‌పేటలోనూ లైన్లు ఉన్నాయి, అడ్డరోడ్లు ఉన్నాయి కదా? అక్కడా 4వ లైను ఉంది కదా? అంటే ఏ పేటలో నిలబడి చెబుతున్నామో తెలిస్తేనే 4/7 అన్నదానికి అర్థం. హైదరాబాదు నుంచి ఎవరైనా కవరు మీద 4/7 అని మాత్రమే రాసి డబ్బాలో వేస్తే అది ఎక్కడికి వస్తుంది? ఎక్కడికీ రాదు.

మీ సర్వర్ చిరునామా 192.168.0.50 అని ఉంటుంది. అది 4/7 లాంటిది. ఆ ఇంటి లోపల మాత్రమే చెల్లుతుంది. ఈ హాలులో ఉన్నవారందరి ఇళ్లలోనూ 192.168తో మొదలయ్యే చిరునామాలు ఉంటాయి, ఒకరిది ఒకరికి తగలదు. ఇలా ఇంటి లోపల వాడుకోవడానికని మూడు వరుసలు కేటాయించారు. 10తో మొదలయ్యేవన్నీ. 172.16 నుంచి 172.31 వరకు. 192.168తో మొదలయ్యేవన్నీ. 1996లో ఖరారైన నియమం ఇది. రెండో వరుస దగ్గర జాగ్రత్త, 172 అని చూడగానే లోపలి చిరునామా అనుకోకండి. 172.40 అంటే అది బయటి ప్రపంచానిదే.

ఇన్ని అవస్థలు ఎందుకు వచ్చాయి? పాత చిరునామా పద్ధతిలో, అంటే ఐపీవీ4లో, మొత్తం చిరునామాలే సుమారు 429 కోట్లు. మనుషులే అంతకంటే ఎక్కువ. అందుకని ఒక్క బయటి చిరునామా వెనక ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టే ఉపాయం 1994లో రాతపూర్వకంగా వచ్చింది. దాన్నే నాట్ అంటాం. రూటర్ చేసే పని అదే. లోపలి నుంచి ఎవరైనా బయటికి వెళితే తన చిరునామా అంటించి పంపుతుంది, ఎవరు వెళ్లారో పుస్తకంలో రాసుకుంటుంది, జవాబు రాగానే పుస్తకం చూసి వాళ్లకే ఇస్తుంది. బాగుంది. కానీ ఎవరూ పిలవకుండా బయటి నుంచి కొత్తవాళ్లు వస్తే? పుస్తకంలో పేరు లేదు. ఎవరికి ఇవ్వాలో తెలియదు. పారేస్తుంది. అలా పారేయకుండా "ఈ పోర్టుకు వచ్చినవాళ్లను ఫలానా గదికి పంపు" అని ముందే రాసిపెట్టడమే పోర్టు ఫార్వర్డింగ్. జెల్లీఫిన్ అయితే 8096.

ఇప్పుడు రెండు రూటర్లు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. రెండు గడపలు. రెండు పుస్తకాలు. నేను లోపలి గడప దగ్గర రాసి పెట్టాను. బయటి గడప దగ్గర ఎవరు రాశారు? ఎవరూ రాయలేదు. అక్కయ్య పంపిన ప్యాకెట్ బయటి గడప దగ్గరే పోయింది. లోపలి రూటర్‌కు ఆ సంగతే తెలియదు. నేను రాత్రంతా తెలియనివాడిని పట్టుకుని ప్రశ్నించాను.

దీన్ని ఎలా కనిపెట్టాలి? చాలా తేలిక, రెండు నిమిషాల పని. ఒక కాగితం తీసుకుని నాలుగు చిరునామాలు రాసుకోండి. రాసుకోండి అంటున్నాను, మనసులో పెట్టుకోవద్దు. మొదటిది, సర్వర్ చిరునామా. రెండోది, లోపలి రూటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ (WAN, అంటే రూటర్ బయటి వైపు) అని ఉన్నచోట కనిపించే చిరునామా. మూడోది, బయటి పెట్టె స్టేటస్ పేజీలో వ్యాన్ దగ్గర ఉన్నది. నాలుగోది, "నా ఐపీ చిరునామా ఏమిటి" అని వెతికితే వెబ్‌సైటు చూపించేది, అంటే ప్రపంచానికి మీరు కనిపించే చిరునామా.

మా ఇంట్లో రెండోది 192.168.1.7 అని వచ్చింది. చూడగానే అర్థం కావాలి. లోపలి రూటర్ తనకు "బయట" అనుకుంటున్నది నిజానికి ఇంకొకరి "లోపల". రెండు నాట్లు ఉన్నాయని తేలిపోయింది. ఇక మూడోదీ నాలుగోదీ పక్కపక్కన పెట్టండి. రెండూ ఒకటేనా? అయితే మీరు అదృష్టవంతులు, సమస్య మీ ఇంటి గోడల మధ్యే ఉంది, మీ చేతిలోనే ఉంది. రెండూ వేరా? అయితే మూడో గడప కూడా ఉంది, అది మీ ఇంట్లో లేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇక్కడ ఒక చిన్న మాట. రెండు రూటర్లూ లోపలి వైపు ఒకే వరుస, అంటే రెండూ 192.168.1 వరుసే పంచుతుంటే, అది ఇంకో చిక్కు. బ్రాడీపేట మధ్యలో ఇంకో బ్రాడీపేట పెట్టినట్టు. లోపలి రూటర్‌కు 192.168.1.1 అంటే తానా, తన పైవాడా తెలియదు. కొన్ని రూటర్లు తమంతట తామే వరుస మార్చుకుంటాయి, కొన్ని మార్చుకోవు. లోపలిదాన్ని 192.168.0కో 192.168.50కో మార్చేయండి. ఆ తర్వాతే మిగతా పని.

ఇప్పుడు అసలు పరీక్ష. ఇది నాకు ఎంతో నచ్చిన పరీక్ష, ఎవరూ చేయరు. రెండు గడపల మధ్య నిలబడండి. ఎలా? ల్యాప్‌టాప్‌ను తీసుకెళ్లి బయటి పెట్టెకు కేబులు పెట్టండి. ఇప్పుడు మీరు లోపలి రూటర్‌కు బయట, బయటి పెట్టెకు లోపల ఉన్నారు. అక్కడి నుంచి 192.168.1.7 పోర్టు 8096 తెరవండి. వచ్చిందా? అయితే లోపలి రూటర్, సర్వర్, ఫైర్‌వాల్ అన్నీ బాగున్నాయి, వాటిని ఇక ముట్టుకోవద్దు. తప్పు బయటి పెట్టెలోనో, దానికీ అవతలో ఉంది. రాలేదా? బయటి పెట్టె జోలికి వెళ్లకండి, తప్పు లోపలే ఉంది. ఒక్క కేబులు మార్చి సగం ఇంటిని అనుమానం నుంచి తప్పించారు. నేను ఆ రాత్రి చేయని పని ఇదే. మర్నాడు పొద్దున చేస్తే అయిదు నిమిషాలు పట్టింది.

బయటి నుంచి పరీక్ష చేసేటప్పుడు నిజంగా బయటి నుంచే చేయండి. ఫోనులో వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద చూడండి. ఇంట్లో వైఫై మీద ఉండి బయటి చిరునామా కొట్టి, రావడం లేదని బెంగపడేవారు చాలామంది ఉన్నారు. లోపలి నుంచి బయటికి వెళ్లి మళ్లీ వెనక్కి తిరిగి అదే గడప తొక్కి రావడం కొన్ని రూటర్లకు చేతకాదు. బయట అందరికీ చక్కగా పని చేస్తుంటే మీకు ఒక్కరికే ఇంట్లో పని చేయదు. దాన్ని చూసి బాగున్నదాన్ని విప్పేస్తారు. విప్పకండి.

ఏమి జవాబు వచ్చిందో కూడా చూడండి. చాలాసేపు ఆగి "సమయం మించింది" అని వస్తే, మీ ప్యాకెట్‌ను దారిలో ఎవరో మాట్లాడకుండా పారేశారు. వెంటనే "నిరాకరించారు" అని వస్తే, ఎవరో తలుపు తీసి, ఆ పేరుగలవాళ్లు ఇక్కడ లేరని చెప్పారు. ఈ రెండూ ఒకటి కావు. మొదటిది సాధారణంగా రూటరో ఫైర్‌వాలో చేసే పని. రెండోది చాలాసార్లు సర్వర్ దాకా వెళ్లి, అక్కడ ఆ పోర్టు మీద ప్రోగ్రాము లేకపోతే వస్తుంది. కొన్ని రూటర్లు కూడా అలా నిరాకరిస్తాయి కాబట్టి అదే ప్రమాణం అనుకోవద్దు, కానీ మంచి ఆనవాలు. ఇంకొకటి, ప్రోగ్రాము 127.0.0.1 మీద మాత్రమే వింటుంటే అది తన మాటలు తానే వినడమే, పక్క గదికి కూడా వినిపించదు. లినక్సులో ఎస్ఎస్ అనే కమాండుతో ఏ చిరునామా మీద వింటోందో తెలుస్తుంది.

సందేహం తీరకపోతే సర్వర్ మీదే టీసీపీడంప్, అంటే వచ్చే పోయే ప్యాకెట్లను చూపించే ప్రోగ్రాము, నడిపి కూర్చోండి. 8096 మీదికి వచ్చే ప్యాకెట్లు చూపించమనండి. ఎవరినైనా బయట నుంచి కొట్టమనండి. ఒక్క గీత కూడా రాకపోతే సర్వర్ నిర్దోషి. గీత వచ్చి, సర్వర్ జవాబు పంపి, అయినా అవతలివారికి అందకపోతే? ఇది విచిత్రంగా ఉంటుంది, ఒకరి ఇంట్లో చూశాను. సర్వర్‌కు కేబులు లోపలి రూటర్ నుంచి ఉంది, వైఫై బయటి పెట్టెకు తగిలి ఉంది. వచ్చినవాళ్లు ముందు గుమ్మం నుంచి వచ్చారు, జవాబు పెరటి గుమ్మం నుంచి వెళ్లింది. పెరటి గుమ్మం దగ్గర పుస్తకంలో ఆ పేరు లేదు. వైఫై ఆపేశాం, అంతే.

సరే, మా ఇంటికి వద్దాం. చోటు దొరికింది. బయటి పెట్టెలో కూడా రాశాను: 8096కు వస్తే 192.168.1.7కు పంపు. లోపలి రూటర్‌లో ముందే ఉంది: 8096కు వస్తే 192.168.0.50కు పంపు. అక్కయ్యకు ఫోను చేశాను. ఆమె విన్నది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఆ రాగం తీసేటప్పుడు నాన్న మధ్యలో దగ్గేవారు, ఆ దగ్గు కూడా ఉందిరా అంది.

నాలుగు రోజులు బాగుంది. అయిదో రోజు మళ్లీ రాలేదు. నేను ఏమీ మార్చలేదు. మరి ఏమి మారింది? మీరు చెప్పండి చూద్దాం... అవును, కరెంటు. ఆ మధ్యాహ్నం గంట సేపు కరెంటు పోయింది. తిరిగి వచ్చినప్పుడు అన్నీ ఒకేసారి లేచాయి. బయటి పెట్టె చిరునామాలు పంచుతుంది కదా, ఈసారి లోపలి రూటర్‌కు 192.168.1.9 ఇచ్చింది. నేను రాసిపెట్టింది 7కు. 7లో ఇప్పుడు టీవీ ఉంది. అక్కయ్య ప్యాకెట్లు వెళ్లి టీవీ తలుపు కొడుతున్నాయి. అందుకని రెండు చోట్లా చిరునామా కట్టేయాలి. బయటి పెట్టెలో లోపలి రూటర్‌కు, లోపలి రూటర్‌లో సర్వర్‌కు. డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అని ఉంటుంది. "కొన్నాళ్లు పని చేసి ఆగిపోయింది" అని ఎవరైనా నా దగ్గరికి వస్తే నేను మొదట అడిగే ప్రశ్న, మీ వీధిలో కరెంటు ఎప్పుడు పోయింది అని.

రెండు గడపలూ అవసరమా అని మీరు అడగాలి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను, అవసరం లేదు. రెండు చోట్ల రాయడం తాత్కాలికం. ఇంటికి ఒక్క గడపే ఉండాలి. దీనికి రెండు దారులు. ఒకటి, లోపలి రూటర్‌ను యాక్సెస్ పాయింటుగా మార్చడం. అది ఇక చిరునామాలు పంచదు, పుస్తకం రాయదు, వైఫై మాత్రం ఇస్తుంది. చాలా రూటర్లలో ఒక్క మీట. లేనివాటిలో చిరునామాలు పంచడం ఆపి, కేబులును వ్యాన్ రంధ్రంలో కాకుండా ల్యాన్ (లోపలి వైపు) రంధ్రంలో పెడితే సరిపోతుంది. కేబులు పెట్టేముందు దాని సొంత చిరునామాను బయటి పెట్టె వరుసలోనే ఎవరూ వాడనిదానికి మార్చండి, లేకపోతే దాని పేజీ మళ్లీ తెరవడం కష్టం. రెండో దారి, బయటి పెట్టెను బ్రిడ్జి మోడ్‌లో పెట్టమని మీ కేబులు ఆపరేటర్‌ను అడగడం. అప్పుడు అది కాంతిని కరెంటుగా మార్చి ఇచ్చి తప్పుకుంటుంది, లాగిన్ అంతా మీ రూటరే చేస్తుంది. దీనికి యూజర్ పేరు, పాస్‌వర్డు, కొన్నిచోట్ల వీల్యాన్ నంబరు కావాలి. ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. ముందు బ్రిడ్జి పెట్టేసి తర్వాత పాస్‌వర్డు కోసం ఫోను చేద్దామంటే, ఫోను ఎత్తేదాకా ఇంట్లో ఇంటర్నెట్ ఉండదు.

ఈ రెండూ కుదరకపోతే మూడోది డీఎంజెడ్. బయటి పెట్టెకు "ఎవరొచ్చినా లోపలి రూటర్‌కే పంపు" అని చెప్పడం. లోపలి రూటర్‌కు సొంత ఫైర్‌వాల్ ఉంటుంది కాబట్టి అక్కడికి పంపితే పరవాలేదు. దయచేసి ఆ డబ్బాలో సర్వర్ చిరునామా మాత్రం రాయకండి.

ఇప్పుడు మూడో గడప. ఇది ఈ హాలులో సగం మందికి ఉండే సమస్య అని నా నమ్మకం. బయటి పెట్టె వ్యాన్ చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే, లేదా 10తో మొదలైతే, మీ ఆపరేటర్ కూడా నాట్ చేస్తున్నాడు. అంటే వందల ఇళ్లకు కలిపి ఒక్క బయటి చిరునామా. ఎందుకు అలా చేస్తారు? 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ స్థాయి నిల్వలో మిగిలిన చివరి అయిదు పెద్ద బ్లాకులు కూడా పంచేశారు. ఆసియా పసిఫిక్ వంతు ఆ ఏప్రిల్‌లోనే దాదాపు అయిపోయింది. మన దగ్గర ఇంటింటికీ ఫైబర్ వచ్చేసరికి కొట్టు ఖాళీ. అందుకని 2012లో ఆపరేటర్లు చేసే ఇలాంటి నాట్ కోసమే ప్రత్యేకంగా ఈ 100.64 వరుసను, సుమారు 42 లక్షల చిరునామాలను, పక్కన పెట్టారు. కాబట్టి ఇది ఆపరేటర్ దుర్మార్గం అనుకోవద్దు. కానీ ఒక మాట అనాలి. అడిగిన గృహస్థుకు "మీకు బయటి చిరునామా లేదు" అని ముందే చెప్పాలి. చెప్పకపోవడం వల్ల మనుషులు ఆదివారాలు ఆదివారాలు పోర్టులు తెరుస్తూ కూర్చుంటున్నారు. మూడో గడప పుస్తకం మీ చేతిలో లేదు. మీరు ఇంట్లో ఎన్ని తలుపులు తెరిచినా వీధి గేటుకు తాళం ఉంది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ట్రేస్‌రూట్, అంటే ప్యాకెట్ దారిలోని ఒక్కో అడుగునూ చూపించే కమాండు, చూసి తేల్చవచ్చా అని కొందరు అడుగుతారు. మొదటి అడుగు 192.168.0.1, రెండోది 192.168.1.1 వస్తే రెండు రూటర్లు ఉన్నట్టే, అది నిజం. మూడోది 10తో వస్తే మాత్రం వెంటనే తీర్పు చెప్పకండి. ఆపరేటర్లు తమ లోపలి యంత్రాలకు కూడా ఆ వరుస వాడతారు. మూడో చిరునామా, నాలుగో చిరునామా పోల్చడమే ఖచ్చితం.

మరి మార్గం? డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ, అంటే మారని బయటి చిరునామా, తీసుకోవడం ఒకటి. ఇస్తే తీసుకోండి. లేదా కొత్త చిరునామా పద్ధతి ఐపీవీ6. అందులో చిరునామాలకు కొరత లేదు కాబట్టి నాట్ అక్కర్లేదు, ఫైర్‌వాల్‌లో అనుమతి ఇస్తే చాలు. మన దేశంలో మొబైల్ నెట్‌వర్కులు చాలావరకు ఐపీవీ6 ఇస్తున్నాయి, కాబట్టి బయట ఫోను నుంచి అందుతుంది. కానీ రెండు రూటర్లు ఉన్న ఇంట్లో, బయటి పెట్టె ఆపరేటర్ నుంచి ఒకే ఒక్క చిరునామాల ముక్క తెచ్చుకుంటే లోపలి రూటర్‌కు పంచడానికి మిగలదు. ఇక్కడా ఒక్క గడపే మేలు.

ఇవేవీ కాకపోతే, లోపలి నుంచి బయటికి వెళ్లే దారిని వాడుకోవాలి. గుర్తుందా, లోపలి నుంచి ఎవరు వెళ్లినా గడప ఆపదు, పుస్తకంలో రాసుకుంటుంది. సర్వర్ తానే ముందు బయటికి పలికితే మూడు పుస్తకాల్లోనూ పేరు ఎక్కుతుంది. అక్కయ్య ఫోనూ అలాగే పలుకుతుంది. మధ్యలో ఒకరు ఇద్దరికీ ఒకరి ఆనవాలు ఒకరికి చెబితే, నేరుగా కలుసుకోగలరు. టెయిల్‌స్కేల్ లాంటి సాఫ్ట్‌వేర్లు చేసేది ఇదే. నేరుగా కుదరకపోతే మధ్యవర్తి యంత్రం మీదుగా, గుప్తలిపిలోనే, పంపుతాయి. దీని అడుగున ఉన్నది వైర్‌గార్డ్ అనే గుప్త దారి వేసే సాఫ్ట్‌వేర్. 2020 నుంచి లినక్స్ గుండె లాంటి కెర్నెల్‌లోనే భాగం. బయట చిన్న సర్వర్ ఒకటి అద్దెకు తీసుకోగలిగినవారు వైర్‌గార్డ్ సొంతంగా పెట్టుకోవచ్చు. అప్పుడు 25 సెకన్లకొకసారి పలకరించే సెట్టింగు మరవకండి. చాలాసేపు మాట్లాడకపోతే రూటర్ పుస్తకంలో ఆ పేరు కొట్టేస్తుంది. ఒక హెచ్చరిక, టెయిల్‌స్కేల్ కూడా 100తో మొదలయ్యే ఆ వరుసనే వాడుతుంది. దాన్ని చూసి ఆపరేటర్ నాట్ అని పొరబడకండి.

నేను ఇప్పుడు 8096 మూసేశాను. అక్కయ్య ఫోనులో టెయిల్‌స్కేల్ పెట్టాను. ఎందుకు మూశానో చెబుతాను. బయటికి తెరిచిన పోర్టును ప్రపంచంలో ఎవరైనా కొట్టవచ్చు. ఒకసారి పరీక్ష కోసం, దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే 22వ పోర్టు తెరిచి సాయంత్రం లాగ్ చూస్తే, ఎక్కడెక్కడి నుంచో పాస్‌వర్డులు ప్రయత్నిస్తున్న వరుసలు పేజీలకు పేజీలు. ఇంట్లో నాన్నగారి గొంతు ఉంది, పొలం కాగితాలు ఉన్నాయి, మనవరాలి ఫోటోలు ఉన్నాయి. ఆ 22 తప్పక తెరవాలంటే పాస్‌వర్డు తీసేసి కీ ఫైళ్లు పెట్టండి. రూటర్ పేజీని మాత్రం బయటికి ఎప్పుడూ తెరవద్దు.

ప్రశ్నలు

వెనక నుంచి అడుగుతున్నారు, యూపీఎన్‌పీ, అంటే ప్రోగ్రాములే రూటర్‌ను అడిగి పోర్టు తెరిపించుకునే ఏర్పాటు, వేస్తే అదే తెరుచుకుంటుంది కదా అని. లోపలి గడప తెరుచుకుంటుంది. ప్రోగ్రాము కూడా "తెరిచాను" అని సంతోషంగా చెబుతుంది. బయటి గడపకు ఆ కబురు వెళ్లదు. పైగా ఇంట్లో ఏ కెమెరా అయినా మిమ్మల్ని అడగకుండా తలుపు తీయగలదు. నేను ఆపేసి ఉంచుతాను.

ఈయన, డైనమిక్ డీఎన్ఎస్ పేరు (చిరునామా మారినా దాని వెంటే మారే పేరు) పెట్టుకున్నాను, పేరు పని చేయదు, అంకెలు కొడితే పని చేస్తుంది అంటున్నారు. ఆ పేరు ఏ చిరునామాకు వెళుతోందో చూశారా? 192.168.1.7కా? అదే. లోపలి రూటర్ తన వ్యాన్ చిరునామానే బయటి చిరునామా అనుకుని రాయించింది. ఆ పని రూటర్‌కు కాకుండా సర్వర్ మీద నడిచే చిన్న ప్రోగ్రాముకు ఇవ్వండి, అది బయట కనిపించే చిరునామా అడిగి రాయిస్తుంది.

క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్, అంటే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ యంత్రాల మీదుగా వేసే దారి, గురించి ఎందుకు చెప్పలేదని అడిగారు. బాగా పని చేస్తుంది, మూడు గడపలున్నా పరవాలేదు. వెబ్ పేజీలు అందరికీ చూపించాలంటే మంచిదే. కానీ తాళం విప్పేది వారి యంత్రం మీద, అక్కడ లోపలి సరుకు కనిపించే అవకాశం ఉంది. ఇంటి కాగితాలకు నేను వాడను.

అమ్మా, చెప్పండి. విజయవాడలో అద్దె గదిలో ఉంటున్నారు, బయటి రూటర్ ఇంటి యజమానిది, పాస్‌వర్డు ఇవ్వరు. అవును, మీకు బయటి గడప మీద హక్కు లేదు కాబట్టి ఫార్వర్డింగ్ మాట మరిచిపోండి. టెయిల్‌స్కేల్ లాంటిది పెట్టుకోండి. పెట్టాక స్టేటస్ కమాండు కొట్టి చూడండి, నేరుగా వెళుతోందో, మధ్యవర్తి మీదుగా వెళుతోందో చెబుతుంది. మధ్యవర్తి మీదుగా అయితే వీడియో కాస్త ఆగి ఆగి రావచ్చు, పాటలకు, కాగితాలకు ఇబ్బంది ఉండదు. యజమానిని ఒక్క మాట అడిగి చూడండి, వారి పెట్టెలో ఐపీవీ6 ఉందేమో. ఉంటే నేరుగా కలిసే అవకాశం పెరుగుతుంది.

ఇద్దరు ముగ్గురు మీ రూటర్ స్టేటస్ పేజీల ఫోటోలు తెచ్చామన్నారు కదా. పాస్‌వర్డులు కనిపించకుండా చూసుకుని ఇలా ముందుకు తీసుకురండి. మొదట వ్యాన్ దగ్గర ఏముందో చూద్దాం.